తాళం పగల్లేదు, మెయిల్ మాత్రం బయటికెళ్లింది: ఈఫెయిల్ కేస్ స్టడీ

2018 మే 14, సోమవారం. జర్మనీలోని మ్యూన్‌స్టర్ యూనివర్సిటీ ఆఫ్ అప్లైడ్ సైన్సెస్‌లో పనిచేసే సెబాస్టియన్ షింజెల్ ట్విట్టర్‌లో ఒక హెచ్చరిక పెట్టారు. పీజీపీ, ఎస్‌మైమ్ పద్ధతుల్లో ఎన్‌క్రిప్ట్ చేసిన, అంటే తాళంచెవి ఉన్నవాళ్లే చదవగలిగేలా మార్చిన, మెయిల్‌లోని విషయం బయటపడే లోపాలు దొరికాయని, ఎప్పుడో పంపిన పాత మెయిల్స్‌కీ ఆ ప్రమాదం ఉందని, వివరాలు మర్నాడు ఇస్తామని దాని సారాంశం. అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ ఇంకో అడుగు ముందుకేసి, మెయిల్ సాఫ్ట్‌వేర్‌లో పీజీపీ ప్లగిన్లు వెంటనే ఆపేయమంది. మర్నాటి దాకా ఆగాల్సిన అవసరం రాలేదు. సగం వార్త బయటికొచ్చాక మిగతా సగం ఎవరు ఆపగలరు? పరిశోధన పేపర్ అదే రోజు బయటికొచ్చేసింది. దాని పేరే ఈఫెయిల్.

అప్పట్లో నేను హైదరాబాద్‌లో ఒక ఇంజినీరింగ్ డిజైన్ కంపెనీకి మెయిల్ వ్యవస్థ చూసేవాణ్ణి. వాళ్ల క్లయింట్ ఒకరు జర్మనీలో ఉన్నారు. డ్రాయింగులు, కొటేషన్లు ఏవి పంపినా ఎస్‌మైమ్‌తో ఎన్‌క్రిప్ట్ చేసే పంపాలని ఒప్పందంలోనే రాసుకున్నారు. డెస్కుల మీద థండర్‌బర్డ్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్, డైరెక్టర్ల చేతుల్లో ఐఫోన్లు. ఐటీ మేనేజర్ ఫోన్ చేసి అడిగిన మొదటి మాట: "సార్, ఎన్‌క్రిప్షన్ ఆపేద్దామా?"

వార్తల్లో హెడ్డింగులు చూసినవాళ్లందరికీ అదే అర్థమైంది: ఎన్‌క్రిప్షన్ పగిలిపోయింది, ఇక వాడి ప్రయోజనం లేదు. పేపర్ చదివితే కథ వేరు. ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిని ఎవరూ పగలగొట్టలేదు, ఆర్‌ఎస్‌ఏ పద్ధతిలోని తాళంచెవి ఎవరి చేతికీ చిక్కలేదు. దెబ్బంతా మెయిల్ చూపించే సాఫ్ట్‌వేర్ దగ్గరే తగిలింది. మెయిల్ విప్పాక లోపలున్న బొమ్మలు, లింకులు, ఫారాలతో అది ఏం చేస్తుందన్నదే ప్రశ్న.

మూడు ముక్కల మెయిల్

మెయిల్ అంటే ఒకే కాగితం కాదు. మైమ్ అనే ఏర్పాటులో ఒక మెయిల్‌లో ఎన్ని భాగాలైనా ఉండొచ్చు: ఒకటి టెక్స్ట్, ఒకటి హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీలు రాసే భాష), ఇంకోటి అటాచ్‌మెంట్, మరొకటి ఎన్‌క్రిప్ట్ చేసిన ముద్ద. ఈఫెయిల్‌లో తేలిక దారి దీన్నే వాడుకుంటుంది. దాడి చేసేవాడి చేతిలో మీకు ఎప్పుడో వచ్చిన ఎన్‌క్రిప్టెడ్ మెయిల్ కాపీ ఉందనుకోండి. అతను దాన్ని చదవలేడు. కానీ దానికి ముందొక హెచ్‌టీఎంఎల్ భాగం, వెనకొక హెచ్‌టీఎంఎల్ భాగం చేర్చి కొత్త మెయిల్‌గా మీకే పంపుతాడు. ముందు భాగంలో ఒక బొమ్మ ట్యాగ్ మొదలవుతుంది. అందులో బొమ్మ అడ్రస్‌గా అతని సర్వర్ పేరు రాసి, డబుల్ కోట్ తెరిచి, మూయకుండా వదిలేస్తాడు. ఆ కోట్‌ను మూసేది వెనక భాగం.

మీరు మెయిల్ తెరుస్తారు. మీ సాఫ్ట్‌వేర్ మధ్య ముద్దను మీ తాళంచెవితోనే విప్పుతుంది, అది దాని డ్యూటీ. ఆ తర్వాత మూడు భాగాలనూ కలిపి ఒకే హెచ్‌టీఎంఎల్ పేజీగా కుట్టేస్తుంది. తప్పంతా ఇక్కడే. ముందు తెరిచిన కోట్‌కూ వెనక మూసిన కోట్‌కూ మధ్య పడ్డ మీ రహస్యం మొత్తం ఇప్పుడు ఒక బొమ్మ అడ్రస్‌లో భాగమైపోయింది. బొమ్మ తెచ్చుకోవడానికి సాఫ్ట్‌వేర్ ఆ అడ్రస్‌కు రిక్వెస్ట్ పంపుతుంది. బొమ్మ రాదు. వెళ్లాల్సింది మాత్రం వెళ్లిపోయింది.

వెబ్ సెక్యూరిటీ వాళ్లకు ఇది కొత్త కాదు. మూయని కోట్‌తో పేజీలోని మిగతా భాగాన్ని లాగేసే పద్ధతిని డాంగ్లింగ్ మార్కప్ అంటారు. అడ్రస్‌లో కొత్త లైనూ, చిన్న యాంగిల్ బ్రాకెట్టూ రెండూ కనిపిస్తే ఆ రిక్వెస్ట్‌ను ఆపేసే ఏర్పాటు క్రోమ్‌లో 2017లోనే వచ్చింది. మెయిల్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు బ్రౌజర్ ఇంజన్‌ను తెచ్చుకున్నారు గానీ, బ్రౌజర్ వాళ్లు దెబ్బలు తిని నేర్చుకున్న జాగ్రత్తలు తెచ్చుకోలేదని నా అభిప్రాయం.

మాటల్లో చెబితే యాజమాన్యానికి ఎక్కదు కాబట్టి ల్యాబ్‌లో చేసి చూపించాను. సొంతంగా తయారుచేసిన టెస్ట్ సర్టిఫికెట్లు, బయటి నెట్‌తో సంబంధం లేని చిన్న మెయిల్ సర్వర్, రిక్వెస్టులు రాసుకునే ఒక వెబ్ సర్వర్, ఇంకా అప్‌డేట్ కాని ఐఫోన్ ఒకటి. ఎన్‌క్రిప్ట్ చేసిన టెస్ట్ మెయిల్‌లో కావాలనే తెలుగులో జీతాల గురించి రెండు లైన్లు రాశాను. మూడు ముక్కల మెయిల్‌ను టెక్స్ట్ ఎడిటర్‌లోనే అతికించి పంపాను. ఫోన్‌లో మెయిల్ తెరవగానే వెబ్ సర్వర్ లాగ్‌లో ఒక పొడవాటి లైన్ పడింది. మొదటి చూపుకు చెత్తలా ఉంది: %ఈ0%బీ0 అనో %ఈ0%బీ1 అనో మొదలయ్యే గుంపులు వరసగా. తెలుగు లిపిలో ప్రతి యూనికోడ్ గుర్తుకూ యూటీఎఫ్-8లో మూడు బైట్లు పడతాయి, అడ్రస్‌లోకి ఎక్కేసరికి ఒక్కో బైటూ మూడు గుర్తులవుతుంది. 'జీతం' అన్న రెండక్షరాల మాటకు లోపల నాలుగు కోడ్‌లు, అడ్రస్‌లో ముప్పై ఆరు గుర్తులు. మాటల మధ్య ఖాళీలు %20గా మారాయి, రెండు లైన్లూ కలిసిపోయి ఒకటైపోయాయి. డీకోడ్ బటన్ నొక్కగానే జీతాల లైన్లు తెర మీదికి వచ్చాయి. అప్పటిదాకా ఫోన్ చూసుకుంటున్న ఫైనాన్స్ మేడమ్ కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

థండర్‌బర్డ్‌లో కథ కొంచెం వేరు. బయటి బొమ్మలను అది మామూలుగానే ఆపేస్తుంది, మనం అనుమతిస్తేనే తెస్తుంది. కాబట్టి డెస్కులు భద్రమేనని ఐటీ టీమ్ అనుకుంది. కానీ బయటికి వెళ్లే దారి బొమ్మ ఒక్కటే కాదు. మెయిల్‌లో ఒక హెచ్‌టీఎంఎల్ ఫారం పెట్టి, పేజీ రూపాన్ని దిద్దే సీఎస్ఎస్‌తో తెరంతా పరుచుకునేలా చేస్తే, చదివేవాళ్లు ఎక్కడ క్లిక్ చేసినా ఫారం వెళ్లిపోతుంది, అందులో విప్పిన రహస్యంతో సహా. ఈ సంగతి పేపర్‌లోనే ఉంది. బొమ్మలు ఆపేశాం కదా అని నిశ్చింతగా ఉన్నవాళ్లకు నేను ముందు చూపించేది ఈ ఫారం భాగమే.

రెండో దారి

మూడు ముక్కల దారికి గణితం అక్కర్లేదు. రెండోదానికి కావాలి. ఎస్‌మైమ్ వాడే సీబీసీ విధానంలో విషయాన్ని బ్లాక్‌లనే ముక్కలుగా చేస్తారు; ఒక్కో బ్లాక్‌ను విప్పాక దాని ముందున్న ఎన్‌క్రిప్టెడ్ బ్లాక్‌తో ఎక్స్‌ఓఆర్ చేస్తారు, అంటే బిట్టుకు బిట్టు కలుపుతారు. ఏదైనా ఒక బ్లాక్ లోపల ఏముందో మీకు ముందే తెలిస్తే, దాని ముందు బ్లాక్‌లో బిట్లు మార్చి, విప్పినప్పుడు మీకు కావలసిన పదహారు అక్షరాలు వచ్చేలా చేయొచ్చు. పక్క బ్లాక్ పిచ్చిరాతలుగా మారుతుంది, అంతే నష్టం. మరి లోపల ఏముందో ఎలా తెలుస్తుంది? ఎస్‌మైమ్ మెయిల్స్ దాదాపు అన్నీ 'కంటెంట్-టైప్: మల్టీపార్ట్/సైన్డ్' లాంటి ఒకే రకం లైన్‌తో మొదలవుతాయి. ఆ ఒక్క తెలిసిన లైన్‌ను పదేపదే వాడుకుంటూ బొమ్మ ట్యాగ్‌ను ముక్కలు ముక్కలుగా ముద్ద లోపలే పేర్చొచ్చు. మధ్యలో పడే పిచ్చిరాతలను ఎవరూ పట్టించుకోని ట్యాగ్ లక్షణాల్లో దాచేస్తారు. పీజీపీకి ప్రమాణమైన ఓపెన్‌పీజీపీలో వాడే సీఎఫ్‌బీ విధానం మీదా ఇలాంటిదే చేశారు. అయితే అక్కడ లోపలి విషయం ముందు కంప్రెస్ అవుతుంది కాబట్టి పని కష్టం. లోపాలకు ఇచ్చే సీవీఈ నంబర్లలో సీవీఈ-2017-17688 ఓపెన్‌పీజీపీది, 17689 ఎస్‌మైమ్‌ది.

ఇక్కడే మేనేజర్ మంచి ప్రశ్న అడిగారు: "మేం ప్రతి మెయిల్‌కీ డిజిటల్ సిగ్నేచర్ కూడా పెడతాం కదా సార్, మార్చితే దొరికిపోదా?"

దొరుకుతుంది. కానీ దొరికేసరికి పని అయిపోతుంది. సంతకం ముద్ద లోపల ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ముందు ముద్దను విప్పాలి, తర్వాత సంతకం చూడాలి. తప్పు సంతకం అని ఎర్ర గుర్తు పెడుతుందే తప్ప మెయిల్ చూపించడం మానదు, చూపిస్తే బొమ్మ రిక్వెస్ట్ వెళ్లిపోతుంది. ముద్దను ఎవరైనా కదిపారా లేదా అన్నది విప్పకముందే పట్టుకునే ఏర్పాటు అప్పటి ఎస్‌మైమ్‌లో వాడుకలో లేదు. ఓపెన్‌పీజీపీలో ముద్దను కదిపారేమో చూసే ఎండీసీ అనే తనిఖీ ఉంది. అది తప్పితే ఓపెన్‌పీజీపీ ముద్దలను విప్పే జీఎన్‌యూపీజీ అనే సాఫ్ట్‌వేర్ హెచ్చరిక ఇచ్చేది, దాంతోపాటు విప్పిన టెక్స్ట్‌నూ చేతికిచ్చేది. హెచ్చరికను పట్టించుకోని మెయిల్ ప్లగిన్‌దే తప్పు అని ఒక వర్గం, హెచ్చరిస్తూనే సరుకు ఎందుకిచ్చావు అని ఇంకో వర్గం నెలల తరబడి వాదించుకున్నాయి. నేను రెండో వర్గం. జూన్‌లో వచ్చిన జీఎన్‌యూపీజీ 2.2.8 నుంచి, అసలు ఎండీసీయే లేని ముద్దలను విప్పమంటే హెచ్చరికతో సరిపెట్టకుండా పని విఫలమైందని చెప్పడం మొదలుపెట్టింది. అదే వెర్షన్‌లో ఇంకో లోపానికీ మందు వేశారు. ఎన్‌క్రిప్టెడ్ ముద్దలో ఫైల్ పేరు రాసే చోట కొత్త లైన్లు ఇరికించి, 'సంతకం సరిగ్గా ఉంది' అని మెయిల్ ప్లగిన్‌ను నమ్మించొచ్చని మార్కస్ బ్రింక్‌మన్ చూపించారు. ఫైల్ పేరు కూడా బయటివాడు రాసిందేనన్న సంగతి ఎవరికీ తట్టలేదు మరి.

పరిశోధకుల లెక్క ప్రకారం, పరీక్షించిన 35 ఎస్‌మైమ్ మెయిల్ సాఫ్ట్‌వేర్లలో 23, 28 ఓపెన్‌పీజీపీ మెయిల్ సాఫ్ట్‌వేర్లలో 10 ఈ దాడులకు దొరికిపోయాయి. మా కంపెనీ వాడేవి రెండూ ఆ పట్టికలో ఉన్నాయి.

ఆఫీసులో ఏం చేశాం

ఎన్‌క్రిప్షన్ ఆపలేదు. ఆపితే కొత్త మెయిల్స్ నేరుగా అందరికీ కనిపిస్తాయి, పాతవాటి ప్రమాదం ఎలాగూ పోదు. ప్రమాదం ఆన్‌లో ఉన్న చోటి నుంచి మొదలుపెట్టాం, అంటే ఫోన్ల నుంచి. అందరూ డెస్కుల గురించి టెన్షన్ పడుతుంటే అడగకుండానే బొమ్మలు తెచ్చేది ఐఫోన్ మెయిల్. డైరెక్టర్ల ఫోన్లలోంచి ఎస్‌మైమ్ సర్టిఫికెట్ ప్రొఫైల్ తీసేశాం. తాళంచెవి లేని ఫోన్ ముద్దను విప్పలేదు, విప్పలేనిది లీక్ చేయలేదు. "అయితే నేను ఎయిర్‌పోర్టులో మెయిల్ చదవలేనా?" అని ఒకాయన చికాకుపడ్డారు. అప్‌డేట్ వచ్చేదాకా ల్యాప్‌టాప్ తీసుకెళ్లండి అన్నాను. మెయిల్‌లో మైమ్ భాగాలను విడివిడిగా ఉంచే సవరణను ఆపిల్ ఐఓఎస్ 11.4లో, ఆ వెంటనే మ్యాక్ 10.13.5లో ఇచ్చింది. అవి ఎక్కించి, ల్యాబ్ మెయిల్ మళ్లీ పంపి, లాగ్‌లో ఏమీ పడలేదని చూశాకే ప్రొఫైల్స్ తిరిగి పెట్టాం.

డెస్కుల మీద థండర్‌బర్డ్‌ను ప్లెయిన్ టెక్స్ట్‌కు మార్చాం. ఒక్కో మెషిన్ దగ్గరికి వెళ్లి మెనూ నొక్కలేదు, అందరికీ ఒకే కాన్ఫిగరేషన్ ఫైల్ తోసి ఆ సెట్టింగ్ లాక్ చేశాం. హెచ్‌టీఎంఎల్ లేకపోతే బొమ్మ ట్యాగ్ లేదు, ఫారం లేదు, సీఎస్ఎస్ లేదు. ఫిర్యాదులు మాత్రం గంటలోపే మొదలయ్యాయి. క్లయింట్ రంగుల టేబుళ్లలో పంపే డ్రాయింగ్ సవరణల జాబితా టెక్స్ట్‌లో కుప్పలా కనిపించింది. ఏ లైన్ ఎర్రదో ఏది పచ్చదో తెలియక డిజైన్ టీమ్ తల పట్టుకుంది. చివరికి ఆ జాబితాను స్ప్రెడ్‌షీట్ అటాచ్‌మెంట్‌గా పంపమని క్లయింట్‌ను ఒప్పించారు. అసలు అది మొదటి నుంచీ అలాగే ఉండాల్సింది.

థండర్‌బర్డ్ సవరణలు విడతలుగా వచ్చాయి. మే నెలలోనే వచ్చిన 52.8 బొమ్మ అడ్రస్ దారినీ, క్లిక్‌తో వెళ్లే ఫారం దారినీ మూసింది. దాన్ని ఎక్కించగానే ప్లెయిన్ టెక్స్ట్ లాక్ తీసేయమని ఒత్తిడి వచ్చింది, నేను ఒప్పుకోలేదు. ఒక దారి మూసిన చోట పక్కదారి బయటపడటం ఇలాంటి లోపాల్లో మామూలే. జూలైలో 52.9 వచ్చింది. దాని సెక్యూరిటీ నోట్స్‌లో సీవీఈ-2018-12374 ఏమిటంటే: మెయిల్‌లో పెట్టిన ఫారం గడిలో ఎంటర్ కీ నొక్కితే విప్పిన టెక్స్ట్ బయటికి వెళ్లగలదు. బటన్ క్లిక్‌ను ఆపారు, ఎంటర్‌ను మర్చిపోయారు. 12373 అనేది రిప్లై, ఫార్వర్డ్ చేసినప్పుడు విప్పిన టెక్స్ట్ బయటికెళ్లే దారిది. ఈ రెండూ మూసుకున్నాకే లాక్ తీశాం.

పాత మెయిల్స్ వెతుకులాట

ఈఫెయిల్‌లో అసలు గుబులు ఇక్కడుంది. దాడికి కావాల్సింది మీ తాళంచెవి కాదు, మీ పాత ఎన్‌క్రిప్టెడ్ మెయిల్ కాపీ. అది ఎక్కడెక్కడ ఉండొచ్చు? సర్వర్ బ్యాకప్‌లో, మానేసిన ఉద్యోగి సొంత మెయిల్‌కు పెట్టుకున్న ఫార్వర్డింగ్ రూల్‌లో, దారిలో ఎవరైనా పట్టుకున్న ట్రాఫిక్‌లో. పైగా ఒకే మెయిల్ పంపినవాళ్లకూ అందుకున్నవాళ్లందరికీ విప్పేలా ఎన్‌క్రిప్ట్ అవుతుంది. అందులో ఎవరో ఒకరు పాత సాఫ్ట్‌వేర్ వాడితే చాలు. మన డెస్క్ ఎంత గట్టిగా ఉన్నా జర్మనీలో సీసీలో ఉన్న ఒక ఫోన్ మన కొటేషన్‌ను బయటపెట్టగలదు. ఈ పాయింట్ రాసి క్లయింట్ సెక్యూరిటీ టీమ్‌కు పంపితే, తమ వైపు ఏ మెయిల్ సాఫ్ట్‌వేర్లు ఏ వెర్షన్లలో ఉన్నాయో జాబితా ఇచ్చారు.

దాడి అప్పటికే జరిగిందా అని వెతకడానికి ఒక పట్టు దొరికింది. మామూలు ఎస్‌మైమ్ మెయిల్‌లో ఎన్‌క్రిప్టెడ్ ముద్దే మెయిల్ మొత్తం, అన్నిటికన్నా పై అంతస్తులో ఉంటుంది. మూడు ముక్కల దాడిలో ఆ ముద్ద ఒక మల్టీపార్ట్ లోపల, హెచ్‌టీఎంఎల్ భాగాల మధ్య ఉంటుంది. సర్వర్‌లో ఉన్న మెయిల్స్ అన్నిటి మీదా ఒక స్క్రిప్ట్ తిప్పి, ముద్ద లోపలి అంతస్తులో ఉన్నవాటిని వేరు చేశాం. చాలానే వచ్చాయి, ఒక్కసారి అందరి మొహాలూ పాలిపోయాయి. తెరిచి చూస్తే దాదాపు అన్నీ ఒకే రకం: ఒక సప్లయర్ మెయిల్ గేట్‌వే (మెయిల్స్ వచ్చిపోయే దారిలో ఉండే సర్వర్), బయటికెళ్లే ప్రతి మెయిల్ అడుగునా 'ఈ మెయిల్ రహస్యం, పొరపాటున అందితే తొలగించండి' అన్న లీగల్ నోట్ అతికిస్తోంది. ఎన్‌క్రిప్టెడ్ ముద్ద లోపల అతికించడం దాని వల్ల కాదు కాబట్టి దాన్ని మల్టీపార్ట్‌లో చుట్టి కింద ఒక హెచ్‌టీఎంఎల్ భాగం తగిలిస్తోంది. దాడి చేసేవాడు చేసే పనే, మంచి ఉద్దేశంతో. మిగతావి ఉద్యోగులు మెయిల్‌ను అటాచ్‌మెంట్‌గా ఫార్వర్డ్ చేసినవి.

ఆఫీసు నుంచి నెట్‌కు వెళ్లే రిక్వెస్టులు దాటే ప్రాక్సీ సర్వర్ లాగ్‌లలో థండర్‌బర్డ్ పేరుతో వెళ్లిన పొడవాటి అడ్రస్‌లనూ వెతికాం. దొరికినవన్నీ న్యూస్‌లెటర్ల ట్రాకింగ్ బొమ్మలే. అయితే హెచ్‌టీటీపీఎస్ రిక్వెస్టుల్లో ప్రాక్సీకి సర్వర్ పేరే తెలుస్తుంది, పూర్తి అడ్రస్ తెలియదు. అందుకే రిపోర్టులో 'దాడి జరగలేదు' అని రాయలేదు, 'జరిగిన ఆనవాళ్లు కనిపించలేదు' అని రాశాను. మేనేజర్‌కు ఆ తేడా నచ్చలేదు, కానీ మార్చమని అడగలేదు.

అదే స్క్రిప్ట్‌ను తర్వాత మెయిల్ గేట్‌వేలో రూల్‌గా పెట్టాం: ఎన్‌క్రిప్టెడ్ ముద్ద పై అంతస్తులో లేకపోతే ఆ మెయిల్ క్వారంటైన్‌కు వెళ్తుంది. సప్లయర్‌తో మాట్లాడి ఎన్‌క్రిప్టెడ్ మెయిల్స్‌కు లీగల్ నోట్ ఆపించాం. ఈ రూల్ మొదటి దారిని మాత్రమే పట్టుకుంటుంది. సీబీసీ దారిలో మార్పు ముద్ద లోపలే జరుగుతుంది, బయటికి అది మామూలు మెయిల్ లాగే కనిపిస్తుంది. గేట్‌వేకి తాళంచెవి ఇస్తే తప్ప చూడలేదు, తాళంచెవి ఇస్తే ఆ గేట్‌వేనే కొత్త గురి అవుతుంది. ఇవ్వలేదు.

తర్వాత

2019 ఏప్రిల్‌లో వచ్చిన ఎస్‌మైమ్ 4.0 ప్రమాణం, ఆర్‌ఎఫ్‌సీ 8551, కదిపితే తెలిసిపోయే ఏఈఎస్-జీసీఎం విధానాన్ని తెచ్చింది. ఓపెన్‌పీజీపీకి అలాంటిది 2024లో ఆర్‌ఎఫ్‌సీ 9580తో వచ్చింది. కాగితం మీద ప్రమాణం రావడం వేరు, అవతలివాళ్ల సాఫ్ట్‌వేర్ దాన్ని విప్పగలగడం వేరు. జర్మనీ వైపు ఒక పాత గేట్‌వే జీసీఎం ముద్దలను విప్పలేక తిప్పి పంపడంతో కొన్నాళ్లు సీబీసీలోనే నడిపాం. పాత సీబీసీ మెయిల్స్ ఆర్కైవ్‌లో అలాగే ఉంటాయి కాబట్టి, చదివే సాఫ్ట్‌వేరే జాగ్రత్తగా ఉండాలి.

రిప్లై దారి మళ్లీ 2019లో ముందుకొచ్చింది. అదే పరిశోధక బృందంలోని యెన్స్ ముల్లర్, మరికొందరు కలిసి చూపించిందేమిటంటే: మామూలు ప్రశ్న ఒకటి రాసిన మెయిల్ కింద, కంటికి కనపడకుండా పాత ఎన్‌క్రిప్టెడ్ ముద్ద దాచి పంపితే, అందుకున్నవాళ్లు మర్యాదగా రిప్లై కొట్టినప్పుడు కోట్ అయిన భాగంలో ఆ రహస్యం విప్పిన రూపంలో వెనక్కి వెళ్లిపోతుంది. బయటి బొమ్మలు ఆపినా, ఫారాలు ఆపినా దీనికి అడ్డు లేదు. ఆఫీసులో దీనికి పెట్టుకున్న నియమం సాదాసీదాగా ఉంటుంది: ఎన్‌క్రిప్టెడ్ మెయిల్‌కు రిప్లై ఇస్తే పాత మెయిల్ కోట్ కాకూడదు. సెట్టింగ్‌లోనే ఆపేశాం, మళ్లీ ఫిర్యాదులు వచ్చాయి, ఈసారి తక్కువ.

ఆ కంపెనీ మెయిల్ సాఫ్ట్‌వేర్ మార్చాలనుకున్నప్పుడల్లా ఇప్పుడు మూడు పరీక్షలు పెడతాం: మూడు ముక్కల మెయిల్, ఫారంలో ఎంటర్ నొక్కడం, దాచిన ముద్దకు రిప్లై. సేల్స్ వాళ్ల స్లైడ్‌లలో 'ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్' అని పెద్ద అక్షరాల్లో ఉన్నా సరే, ముందు ఇవి. ఆ మధ్య ఒక వెబ్‌మెయిల్ మొదటి రెండూ పాసై మూడోదాంట్లో తప్పింది. సవరణ ఎప్పుడొస్తుందో వాళ్లు చెప్పలేకపోయారు, దాంతో పాతదాన్నే ఇంకో ఏడాదికి పొడిగించారు.